బలం వేరు, దమ్ము వేరు

కిందటి నెల జాతర కుస్తీల గురించి ఒక పాఠకుడికి జవాబు రాశాను. అది అచ్చయిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కేజ్ ఫైటింగ్ గురించే, అంటే జాలీ కట్టిన బరిలో గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఆడే పోటీల గురించే. చిన్నప్పుడు ఎర్రమట్టిలో కుస్తీ పట్టినవాణ్ణి, ఆ తర్వాత ముప్పై ఏళ్లు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసినవాణ్ణి. ఇప్పుడూ హన్మకొండలో పొద్దున్నే పిల్లలకు పట్లు నేర్పుతున్నాను. ఈ ఉత్తరాలు చదువుతుంటే ప్రాణం లేచివచ్చింది. అందుకే ఈసారి జాగా మొత్తం వాటికే.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్. మా దోస్తుకు, నాకు రోజూ ఒకటే పంచాయితీ. 400 కిలోలు ఎత్తే బలశాలి ముందు కేజ్ ఫైటర్ ఒక్క నిమిషం కూడా నిలవలేడని వాడంటాడు. ఫైటరే గెలుస్తాడని నేనంటాను. ఎవరు కరెక్ట్?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: తమ్మీ, ఆ నిమిషం వరకు మీ దోస్తు చెప్పింది కొట్టిపారేయలేం. ఆ నిమిషం దాటిందా, నువ్వన్నదే.

పోలండ్‌లో మారియుష్ పుజియానోవ్‌స్కీ అని ఉన్నాడు. ప్రపంచంలో అందరికన్నా బలశాలిని తేల్చే పోటీని ఐదుసార్లు గెలిచిన మనిషి. 2009లో కేజ్‌లోకి దిగాడు. మరుసటి ఏడాది టిమ్ సిల్వియా అనే మాజీ హెవీవెయిట్ చాంపియన్‌తో తలపడ్డాడు. మొదటి రౌండ్‌లోనే రొప్పు వచ్చేసింది. రెండో రౌండ్‌లో కింద పడి, దెబ్బలకు తట్టుకోలేక ఓటమి ఒప్పుకున్నాడు. ఆ చేతుల్లో బలం తగ్గలేదు, ఆ బలాన్ని నడిపించే ఊపిరే అయిపోయింది. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. మొదటి నుంచి నేర్చుకుని, ఆ తర్వాత పదేళ్లకు పైగా కేజ్‌లో కొట్లాడాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

దీని వెనుక ఉన్న సంగతి చెప్తాను. 2016లో ఎడ్డీ హాల్ అనే ఇంగ్లండ్ మనిషి 500 కిలోల బరువును నేల మీది నుంచి నడుము దాకా లేపాడు. లేపిన వెంటనే స్పృహ తప్పింది, ముక్కులోంచి రక్తం వచ్చింది. అంత పని జరిగింది కొన్ని సెకన్లలోనే. ఉన్న శక్తి మొత్తం ఒక్కసారి ఊడ్చి పెట్టడం ఆ విద్య. కేజ్‌లో రౌండు 5 నిమిషాలు. మామూలు పోటీకి మూడు రౌండ్లు, టైటిల్ పోటీకి ఐదు, మధ్యలో ఒక్క నిమిషం విశ్రాంతి. ఎదుటివాణ్ణి గట్టిగా పట్టుకున్నంతసేపు నీ కండరాలు బిగుసుకుని, వాటి లోపలి రక్తనాళాలను అవే నొక్కేస్తాయి. రక్తం సరిగా ఆడదు, చేతులు రాయిలా బరువెక్కుతాయి. కండ ఎంత పెద్దదైతే దానికి అంత ఊపిరి కావాలి.

నా అనుభవం ఒకటి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. నాకు 21 ఏళ్లు. మా తాలీంలో, అంటే కుస్తీ నేర్చుకునే చోట, పెద్ద రాతి గుండును భుజం దాకా లేపేది నేనొక్కణ్ణే. ఉగాది దాటాక కామారెడ్డి వైపు ఒక ఊళ్లో కుస్తీ పోటీలకు వెళ్లాం. ఆ వైపు పోటీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. నేను కడియం దాకా వచ్చాను. నాకు జోడీగా దిగినతను నా చెవి దాకా కూడా రాడు. వరంగల్ మిర్చి యార్డులో హమాలీ. దాదాపు 40 కిలోల బస్తాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోసే మనిషి. నా మెడ మీద చెయ్యి వేసి, తన బరువంతా ఆ చేతికి వేలాడదీసి నిలబడ్డాడు. ఎన్ని రోజులు కడిగినా పోని మిర్చి ఘాటు ఆ అరచేతిలో ఉంది. నా చెమటతో కలిసి కళ్లలోకి దిగింది. మొదటి రెండు నిమిషాల్లో అతన్ని మూడుసార్లు లేపాను. మూడుసార్లూ పిల్లిలా కాళ్ల మీదే వాలాడు. తర్వాత నా నోరు తెరుచుకుంది. అతని నోరు మూసే ఉంది, ముక్కుతోనే ఊపిరి తీస్తున్నాడు. నా నోరు చూసి, అప్పుడు లోపలికి వచ్చాడు. వెన్ను మట్టికి తగలడం తెలిసింది కానీ ఎలా తగిలిందో ఇప్పటికీ తెలియదు.

మా ఉస్తాద్ దారిపొడుగునా ఒక్క మాట అనలేదు. బస్సు దిగాక మాత్రం అన్నాడు: “బలం తెచ్చుకున్నవ్, దమ్ము తెచ్చుకోలే.” దమ్ము అంటే మన భాషలో ఊపిరీ అదే, ధైర్యమూ అదే. రెండింటికీ ఒకే మాట ఎందుకుందో ఆ రాత్రి నాకు అర్థమైంది.

కేజ్‌లో ఇదే కథ ప్రపంచం ముందు జరిగింది. ఫ్రాన్సిస్ ఎన్‌గానూ కామెరూన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఇసుక క్వారీలో పారపని చేశాడు. మన గోదావరి ఒడ్డున ఇసుక ఎత్తే కూలీలను చూసినవాళ్లకు ఆ వీపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు. 2018 జనవరిలో స్టీపే మియోచిచ్‌తో టైటిల్ పోటీలో మొదటి రౌండ్‌లోనే శక్తంతా ఖర్చు పెట్టేశాడు. మిగతా నాలుగు రౌండ్లు నిలబడటానికే కష్టపడి ఓడాడు. 2021 మార్చిలో అదే మియోచిచ్ ఎదురయ్యాడు. ఈసారి తొందరపడలేదు. కాళ్లు పట్టబోతే తప్పించుకుని, అదను చూసి రెండో రౌండ్‌లో పడగొట్టాడు. మరుసటి జనవరిలో మోకాలి లిగమెంటు దెబ్బతిని ఉండగానే సిరిల్ గాన్ మీదికి దిగి, పిడికిలి పక్కన పెట్టి, కుస్తీ పట్లతో ఐదు రౌండ్లు లాక్కొచ్చి గెలిచాడు. అతని గుద్దు గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ మూడో పోటీయే ఎక్కువ నచ్చింది.

మీ దోస్తుకు ఒక చిన్న పరీక్ష పెట్టు. మెత్తటి పరుపు మీద ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చోండి. గుద్దులు లేవు, మెడ మెలిపెట్టడం లేదు. ఒకరినొకరు వెల్లికిలా పడేయడమే పని. 5 నిమిషాలు అలారం పెట్టుకోండి. మీ పంచాయితీ ఆ అలారం మోగేలోపే తేలిపోతుంది.

ప్రశ్న: కాలి ముందు ఎముక గట్టిపడాలని రోజూ రాత్రి గాజు సీసాతో రుద్దుకుంటున్నాను. థాయిలాండ్‌లో ఇలాగే చేస్తారని వీడియోలో చూశాను. రెండు నెలలైంది. కాలు నల్లబడి ముట్టుకుంటే నొప్పి. ఇంకా ఎన్నాళ్లు చెయ్యాలి?
– ఒక యువకుడు, జమ్మికుంట

జవాబు: ఈ పత్రిక చేతిలోంచి దించకముందే ఆ సీసా పారేయి బాబూ.

ఎముక మీద పల్చటి పొర ఉంటుంది. దాని నిండా నరాలూ రక్తనాళాలూ. సీసాతో నువ్వు నలగ్గొడుతున్నది ఆ పొరని. ఎముక గట్టిపడేది రాపిడితో కాదు, బరువు పడితే. నడక, పరుగు, దూకడం, బరువులతో కూర్చుని లేవడం, మెత్తటి బ్యాగ్‌ను తన్నడం, ఇలాంటివి నెలలు, ఏళ్లు చేస్తే ఎముక లోపల కొత్త పదార్థం పేరుకుంటుంది. థాయ్ ఫైటర్లు పసితనం నుంచే బ్యాగులనూ ప్యాడ్లనూ వేలసార్లు తన్నుతారు. వాళ్ల కాలి రహస్యం అదే. దాన్ని రెండు నెలల్లో తెచ్చిపెట్టే సీసా లేదు.

అంత చేసినా ఎముక ఎముకే. 2013 డిసెంబరులో ఆండర్సన్ సిల్వా అనే గొప్ప చాంపియన్, క్రిస్ వైడ్‌మన్ కాలు మీద తన్నాడు. వైడ్‌మన్ మోకాలు పైకి లేపి అడ్డం పెట్టాడు. సిల్వా కాలు అక్కడికక్కడే విరిగి ఊగిపోయింది. 2021 ఏప్రిల్‌లో ఆ వైడ్‌మనే యురైయా హాల్‌ను తన్నబోయి, పోటీ మొదలైన కొన్ని సెకన్లకే అదే విధంగా కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి కాళ్లను సానబెట్టుకున్నవాళ్లే. కాలు గట్టిగా ఉండటం ఎంత ముఖ్యమో, ఎప్పుడు తన్నాలో, ఎక్కడ తగలాలో తెలియడం అంతకన్నా ముఖ్యం.

నల్లబడిన చోట నొప్పి రెండు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించు, ఎక్స్‌రే తీయమని అడుగు. సన్నటి చీలిక ఉంటే నడుస్తూ నడుస్తూ అదే పెద్దదవుతుంది. తిండి సంగతి అడగలేదు కానీ చెప్తాను: పొద్దున తైద (రాగి) అంబలి, రోజూ రెండు గుడ్లు, గుప్పెడు నువ్వులు. ఖరీదైన డబ్బాల పొడుల కన్నా ముందు ఇవి.

ప్రశ్న: మా బాబుకు 17 ఏళ్లు. నాలుగు నెలలుగా ఎంఎంఏ (కేజ్ ఫైటింగ్) క్లాసుకు పోతున్నాడు. పెదవి పగిలి వస్తాడు, మెడ మీద గీతలుంటాయి. వాళ్ల నాన్నేమో పోనీయ్ అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. మాన్పించాలా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పేమీ లేదు. కానీ మాన్పించే ముందు ఒక పని చేయండి. చెప్పకుండా ఒక సాయంత్రం ఆ క్లాసుకు వెళ్లి గంటసేపు గోడ పక్కన కూర్చోండి.

అక్కడ గుద్దులు చూడొద్దు, చేతులు చూడండి. ఒక పిల్లవాడు ఇంకొకడి మెడను మోచేతి మడతలో బిగిస్తాడు. బిగిసిన పిల్లవాడు అవతలివాడి భుజం మీద రెండుసార్లు తడతాడు. దాన్ని ట్యాప్ అంటారు. ‘ఒప్పుకున్నాను, వదులు’ అని అర్థం. తట్టిన క్షణంలోనే చెయ్యి వదులైతే అది మంచి చోటు. “ఇంకో రెండు సెకన్లు ఓర్చుకో రా, మగాడివి కాదా” అని కోచ్ అంటే, మీ బాబును ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురండి. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలుంటాయి. అవి సరిగ్గా నొక్కుకుంటే పది సెకన్ల లోపే స్పృహ పోతుంది. అందులో ఓర్చుకోవడానికి ఏమీ ఉండదు. ట్యాప్ చేయడం తెలిసిన పిల్లవాడే మర్నాడు మళ్లీ వచ్చి నేర్చుకోగలడు.

1993లో అమెరికాలోని డెన్వర్‌లో, కేజ్ పోటీలు పెట్టే యూఎఫ్‌సీ సంస్థ మొదటి పోటీ జరిగినప్పుడు బరువు తరగతులు లేవు. సుమారు 80 కిలోల రాయిస్ గ్రేసీ అనే బ్రెజిల్ కుర్రాడు ఒకే రాత్రి ముగ్గురిని ఓడించాడు. మొదట ఎదురైన బాక్సర్ ఒక చేతికి మాత్రమే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. కింద పడ్డాక ఏం చేయాలో తోచక తట్టేశాడు. మిగతా ఇద్దరినీ గ్రేసీ మెడ పట్టుతోనే లొంగదీశాడు. ఆ ముగ్గురూ తమ కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ఇది గుద్దుకు చచ్చే ఆట అని మీరు అనుకుంటున్నారు కాబట్టి చెప్తున్నాను.

తల దెబ్బ విషయంలో మాత్రం ఏ మాత్రం రాజీ పడొద్దు. తలకు తొడిగే గార్డు చర్మం చీలకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్ నాటికి మగవాళ్ల బాక్సింగ్‌లో దాన్ని తీసేశారు కూడా. క్లాసు నుంచి వచ్చాక తలనొప్పి తగ్గకపోయినా, వాంతి అయినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, మత్తుగా పడుకుంటున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు సరే అనేదాకా తలకు దెబ్బ తగిలే పని ఏదీ వద్దు. మొదటి దెబ్బ మానకముందు తగిలే రెండో దెబ్బే ప్రమాదం. వారానికి ఎన్నిసార్లు గట్టిగా కొట్టుకునే స్పారింగ్ పెడతారో కోచ్‌ను అడగండి. రోజూ అంటే వద్దనండి. పట్లు రోజూ నేర్చుకోవచ్చు, తల మీద గుద్దులు రోజూ తినకూడదు.

ఇక బరువు తగ్గించడం. ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్లవాడు, మీ బాబు వయసే. జిల్లా పోటీకి మూడు రోజుల ముందు, “రెండు కిలోలు ఎక్కువున్నావు రా” అన్నాను. అంతే అన్నాను. వాడు నాకు చెప్పకుండా నీళ్లు మానేశాడు. ఒంటికి రెయిన్‌కోటు చుట్టుకుని మిట్టమధ్యాహ్నం పరిగెత్తాడు. బరువు చూసే రోజు వరుసలో నా ముందే కుప్పకూలాడు. పెదాలు తెల్లగా పగిలిపోయి, వాళ్లమ్మను చూసి “ఎవరు?” అన్నాడు. ఆ రోజంతా సెలైన్ ఎక్కుతూనే ఉంది. బతికాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. కానీ ఆ తల్లి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నా వైపు చూసిన చూపు నాకు ఇవాళ్టికీ అలాగే ఉంది. బరువు ఎక్కువుందని చెప్పి, ఎలా తగ్గాలో చెప్పకపోవడం నా తప్పు.

2015లో చైనాకు చెందిన యాంగ్ జియాన్ బింగ్ అనే ఫైటర్ 21 ఏళ్లకే ఇలా ఒంట్లో నీరు ఎండగొట్టుకుని మనీలాలో చనిపోయాడు. ఆ తర్వాతే ఆ పోటీ పెట్టిన సంస్థ పద్ధతి మార్చి, ఒంట్లో నీరు సరిగా ఉందో లేదో పరీక్షించడం మొదలుపెట్టింది. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్ 50 కిలోల తరగతిలో 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్‌కు దూరమైన రోజు దేశమంతా ఏడ్చింది. నేను ఏడ్చింది ఆ ముందు రాత్రి ఆమె పడిన పాట్లు తెలిసి. 17 ఏళ్ల పిల్లవాడు ఎదగాలి, ఎండకూడదు. మీ బాబు ఎంత బరువుంటే అంత బరువులోనే ఆడాలని కోచ్‌కు గట్టిగా చెప్పండి.

ఇవన్నీ సరిగా ఉంటే పంపించండి అమ్మా. పెదవి మానుతుంది. మెడ మీది గీతలకు రాత్రి కొబ్బరినూనె రాయండి, అవతలి పిల్లవాణ్ణి గోళ్లు కత్తిరించుకోమనండి.

ప్రశ్న: కోడి రామమూర్తి ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారంటారు. నిజంగా సాధ్యమా, లేక గారడీనా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, పరకాల

జవాబు: గారడీ అనకండి సార్. శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన ఆ మహానుభావుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపేవారు. రెండు కార్లను గొలుసులతో చేతులకు కట్టించుకుని కదలకుండా ఆపేవారు. ఇలాంటి ప్రదర్శనల్లో ఛాతీ మీద బలమైన చెక్క పలక వేస్తారు, బరువు ఒక్క చోట పడకుండా ఒళ్లంతా పరుచుకుంటుంది. అది తెలిసినా, ఊపిరి బిగబట్టి పక్కటెముకలను విల్లులా నిలబెట్టడం ఏళ్ల సాధన లేనిదే కాదు. పలక ఇస్తాం, పడుకోమంటే ఎవరు పడుకుంటారు? బరోడాలో గామా పహిల్వాన్ 1902లో ఎత్తాడని రాసి ఉన్న 1200 కిలోల రాయి ఉంది. అదే గామా 1910లో లండన్‌లో స్టానిస్లావ్ జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడ్డాడు. ఆ రాయి కన్నా ఆ రెండున్నర గంటలే నాకు ఆశ్చర్యం.

ప్రశ్న: ఆడపిల్లలు ఇవన్నీ చేస్తే ఒళ్లు మొరటుగా అవుతుందని మా నానమ్మ పోనివ్వడం లేదు. ఏం చెప్పాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఆర్మూర్

జవాబు: మీ జిల్లా నిజామాబాద్ బిడ్డే నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్. నానమ్మకు ఆమె ఫొటో చూపించి, ఆ నవ్వులో మొరటుతనం ఎక్కడుందో చెప్పమను. కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు నా బడి ఆడపిల్లలు మైదానమంతా పరిగెత్తారు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారత మహిళ అయింది. కండ పెరగడం నానమ్మ భయపడేంత తేలిక కాదమ్మా, దానికోసం మేమంతా ఏళ్లు ఏడుస్తాం. నడుము నొప్పి తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, చీకటి పడ్డాక బస్టాండులో నిలబడే తీరు మారుతుంది. మొదలుపెట్టు.

ప్రశ్న: కుస్తీలో చెవి ఉబ్బి మెత్తగా అయింది. అలాగే వదిలేస్తే ఫైటర్ల చెవిలా స్టైల్‌గా ఉంటుందంటున్నారు.
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అది లోపల చేరిన రక్తం. ఒకటి రెండు రోజుల్లో ఈఎన్‌టీ డాక్టరు దగ్గర తీయించుకుని, కట్టు కట్టించుకో. వదిలేస్తే చెవి మృదులాస్థికి పోషణ అందక ముడుచుకుని గట్టిపడుతుంది. నాకు ఎడమ చెవి అలాంటిదే. ఫోన్ దానికి ఆనించి మాట్లాడలేను.

ప్రశ్న: మా నాన్న గీత కార్మికుడు, 52 ఏళ్లు. నేను జిమ్‌కు పోతుంటే, “రోజూ తాళ్లెక్కితే చాలు, ఏ ఫైటర్ నన్ను పడగొట్టలేడు” అంటాడు. ఆయన చెయ్యి పట్టుకుంటే నేను నిజంగానే విడిపించుకోలేను. జిమ్ అవసరం లేదా సార్?
– ఒక యువకుడు, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె

జవాబు: మీ నాన్న చెయ్యి ఒకసారి తిరగేసి చూడు. వేళ్ల మొదట్లో కాయలు కాసి, ఆ కాయలు మళ్లీ పగిలి, వాటి మీద మళ్లీ కాసి ఉంటాయి. తాడిచెట్టు బెరడు చీరేసిన గీతలు మోచేతి లోపలి వైపు ఉంటాయి. నడుముకు మోకు, ముత్తాదు బిగించి రోజుకు అన్ని చెట్లు ఎక్కి దిగే మనిషి పట్టు, వీపు, కాళ్లు ఏ జిమ్ మెషినూ ఇవ్వలేనివి. కేజ్‌లో సగం పని పట్టుదే. ఆయన అన్న మాటలో గొప్పలు లేవు.

జిమ్ మానకు. కానీ వారంలో ఒక రోజు బరువులు పక్కన పెట్టి, లావుపాటి మోకు ఒకటి చింతకొమ్మకు కట్టి, కాళ్లు ఆనించకుండా చేతులతో పైకి వెళ్లడం మొదలుపెట్టు. తొలి నెలంతా ఆ రోజుకు రెండుసార్లు ఎక్కితే చాలు. దిగేటప్పుడు జారొద్దు, ఒక్కొక్క చెయ్యి మార్చుకుంటూ దిగు. దిగేటప్పుడు కూడా పట్టు పెరుగుతుంది. ఎలా పట్టుకోవాలో మీ నాన్ననే అడుగు, నాకన్నా బాగా చెప్తాడు.

ఇంకొక్కటి. 52 ఏళ్లకు పట్టు తగ్గకపోయినా, పట్టు తప్పినప్పుడు ఒళ్లు తేరుకునే వేగం తగ్గుతుంది. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన ఇద్దరు గీత కార్మికులు నాకు బాగా తెలుసు. ఇద్దరూ నాకన్నా బలమైనవాళ్లు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో సేఫ్టీ మోకుల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ నాన్నకు కిట్టు అందకపోతే మీ సొసైటీలో అడుగు. అందినా అటక మీద పడేసి ఉంటే, రేపు పొద్దున ఆయన చెట్టు దగ్గరికి వెళ్లేటప్పుడు నువ్వే వెంట వెళ్లి, నీ చేతులతో తొడిగి, బకిల్ లాగి చూడు.